పిట్ట ముట్టేదాకా: ‘బలగం’ పనితనం

2023 ఏప్రిల్‌లో ఉత్తర తెలంగాణ పల్లెల్లో చాలా ఏళ్లుగా చూడని దృశ్యం కనిపించింది. పంచాయతీ ఆఫీసు ముందో, బడి ఆవరణలోనో తెరలు కట్టారు. పొద్దుగూకగానే ఊరంతా చాపలు, కుర్చీలు పట్టుకొని వచ్చి కూర్చుంది. చాలాచోట్ల సర్పంచులే ముందుండి ఏర్పాట్లు చేశారు. అప్పుడు ఆ తెరల మీద ఆడిన సినిమా ‘బలగం’. మార్చి 3న థియేటర్లలో విడుదలై, అదే నెల 24న ఓటీటీకి వచ్చేసిన సినిమా. ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకునే వీలున్నా ఊళ్లు దాన్ని కలిసి కూర్చొని చూడాలనుకున్నాయి. మా నిర్మల్ జిల్లా లక్ష్మణచాందలో భూమి తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములు ఈ సినిమా చూశాక ఒక్కటయ్యారని వార్త వచ్చింది. ఇంకా చాలా ఊళ్ల నుంచి అలాంటి కబుర్లు వినిపించాయి.

ఆ కబుర్లు విన్నవాళ్లందరూ కథను మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. కాని అన్నదమ్ములు విడిపోవడం, చివరికి కలవడం అనే కథ తెలుగు సినిమాకు కొత్తేమీ కాదు. అలాంటి సినిమాలు వందల్లో వచ్చాయి, వాటిలో కొన్ని బాగా ఆడాయి కూడా. వాటిని చూసి ఇంటికెళ్లి అన్నకు ఫోన్ చేసినవాళ్లు ఎందరు? ఈ సినిమా ఆ పని చేయించగలిగింది. అందుకు కారణం కథలో కంటే దాన్ని కట్టిన తీరులో ఉంది. అందుకే ఈ వ్యాసం ఆ కట్టుబడి గురించి.

ముందుగా కథ, చూడనివాళ్ల కోసం. సిరిసిల్ల వైపు ఒక పల్లె. కొమురయ్య అనే ముసలాయన ఊరంతా తిరుగుతూ కనపడ్డవాళ్లందరినీ పలకరిస్తూ, ఆటపట్టిస్తూ బతుకుతుంటాడు. మనవడు సాయిలు అప్పుల్లో నిండా మునిగి ఉన్నాడు. పెళ్లి కుదిరింది, కట్నం డబ్బుతో అప్పులు తీర్చుకోవాలని అతని లెక్క. సరిగ్గా నిశ్చితార్థం ముందర తాత కన్నుమూస్తాడు. చావింట్లో జరిగిన గొడవతో సంబంధం తప్పిపోతుంది. ఏళ్ల తరబడి పుట్టింటి గడప తొక్కని కొమురయ్య బిడ్డ లక్ష్మి, భర్త నారాయణతో, కూతురు సంధ్యతో వస్తుంది. మూడో రోజు ఆయనకు ఇష్టమైనవి ఇస్తరాకులో వడ్డించి పిట్టకు, అంటే కాకికి, పెడతారు; అది ముడితేనే పోయినాయనకు తృప్తి అని నమ్మకం. పిట్ట ముట్టదు. ఐదో రోజూ ముట్టదు. ఊరు గుసగుసలాడటం మొదలుపెడుతుంది. ఇక మిగిలింది పదకొండో రోజు.

ఇంతే కథ. హత్య లేదు, దొంగ వీలునామా లేదు, విలన్ లేడు. మరి రెండు గంటలకు పైగా మనల్ని కూర్చోబెట్టింది ఏమిటి?

నా దృష్టిలో ఈ సినిమా పనితనమంతా ఒక్క నిర్ణయంలో ఉంది. దర్శకుడు వేణు ఎల్దండి తనకు కావలసిన ప్రతి సరుకునూ అది నిజంగా ఉన్నచోటి నుంచే తెచ్చుకున్నారు. కథకు గడువు కావాలి, దాన్ని కర్మకాండ నుంచి తీసుకున్నారు. తగువుకు కారణం కావాలి, దాన్ని దావతు పంక్తిలోంచి తీసుకున్నారు. పతాక సన్నివేశం కావాలి, దాన్ని చావింటికొచ్చి పాడే బుడగ జంగాల గొంతులోంచి తీసుకున్నారు. బయటి నుంచి తెచ్చి అతికించినది చాలా తక్కువ. అక్కడక్కడా ఉన్నదేమిటో కూడా తరవాత చెబుతాను.

గడువు సంగతి చూద్దాం. స్క్రీన్‌ప్లే రాసే ఎవరికైనా ఎదురయ్యే పెద్ద చిక్కు ఒకటుంది. ఒకరంటే ఒకరికి పడని మనుషులు ఒకే ఇంట్లో ఎందుకు ఉండాలి? లేచి ఎవరి దారిన వాళ్లు పోవచ్చు కదా? చాలా సినిమాలు దీనికోసం తుఫానునో, దారి మూసుకుపోవడాన్నో, షరతులు పెట్టిన వీలునామానో కల్పిస్తాయి. ఇక్కడ ఆ అవసరమే రాలేదు. మన దగ్గర మనిషి పోతే మూడు, ఐదు, పదకొండు రోజుల లెక్క ఉంటుంది. బిడ్డ, అల్లుడు, కొడుకులు, కోడళ్లు ఎంత కోపమున్నా పెద్దకర్మ దాటేదాకా ఆ గడప దాటి పోలేరు. పోతే పోయినాయనను అవమానించినట్టు. బతుకుదెరువుకు ఊరు విడిచిన చిన్నకొడుకు కూడా పని మానుకొని ఉండాల్సిందే. నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫుకు పోయిన కుటుంబాలకు ఈ లెక్క ఎంత బరువో తెలుసు. విమానం టికెట్టు దొరకక, కంపెనీ సెలవివ్వక, తండ్రి కర్మను వీడియో కాల్‌లో చూసిన కొడుకులు మా ఊళ్లలో ఎందరో. కాబట్టి ఆ ఇంట్లో పదకొండు రోజులు అందరూ ఉన్నారంటే ఈ ప్రాంతపు ప్రేక్షకుడికి ఎవరూ వివరణ ఇవ్వనక్కర్లేదు.

ఆ గడువును వేణు మెట్లుమెట్లుగా వాడుకున్నారు. మూడో రోజు పిట్ట ముట్టకపోవడం ఇంటి బాధ. ఏదో మరిచిపోయాం, ఆయనకు ఇష్టమైనదేదో పెట్టలేదు అనుకుంటారు. ఐదో రోజు ముట్టకపోవడం ఊరి సంగతి అయిపోతుంది. ఇంట్లో కట్టివేసి ఉంచిన తగువు బజారున పడుతుంది, పెద్దమనుషులు కలగజేసుకుంటారు. ఒకే క్రతువు, అదే ఇస్తరాకు, అదే ఎదురుచూపు. మొదటిసారి ఆ ఎదురుచూపులో ఉన్నది ఆత్రం. రెండోసారి దానిలో అనుమానం చేరింది: తప్పు ఎవరిది? మూడోసారికి భయం. సన్నివేశం మారలేదు, దాని కింద ఉన్న మనుషులు మారారు. ఒకే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూపిస్తూ ప్రతిసారీ కొత్త బరువు మోయించడం అనుభవజ్ఞులైన దర్శకులకే తేలిక కాదు. దర్శకుడిగా ఇది వేణుకు మొదటి సినిమా. అంతకుముందు ఆయన తెలుగు ప్రేక్షకులకు హాస్యనటుడిగానే తెలుసు.

ఇక పిట్ట. కాకితో నటింపజేయలేం. కాకికి ఎవరి మీదా పక్షపాతం లేదు, దానికి సర్దిచెప్పలేం, బెదిరించలేం, లంచమివ్వలేం. ఊరి పంచాయితీలో పెద్దమనుషులకు నచ్చజెప్పొచ్చు, చుట్టాలకు కథలు అల్లి చెప్పొచ్చు. ఆకాశంలోంచి వచ్చే పిట్టకు ఏం చెప్పగలం? కాబట్టి ఈ కథలో న్యాయం చెప్పే స్థానం ఎవరూ మార్చలేని చోట ఉంది. కుటుంబం మారడం తప్ప వేరే దారి లేదు. నమ్మకం నిజమా కాదా అన్న చర్చలోకి సినిమా వెళ్లలేదు, అది సరైన పనే. ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ నమ్మకం ఉంది, వాళ్ల నిద్రను పాడు చేస్తోంది, కథకు అది చాలు.

ఇక్కడ నాకు జపాన్ దర్శకుడు హిరోకజు కొరెయెదా తీసిన ‘స్టిల్ వాకింగ్’ గుర్తొస్తుంది. 2008 నాటి సినిమా. సముద్రంలో మునిగిపోతున్న పిల్లవాణ్ని కాపాడబోయి చనిపోయిన పెద్దకొడుకు వర్ధంతికి కుటుంబమంతా ముసలి తల్లిదండ్రుల ఇంట్లో చేరుతుంది. ఒక పగలు, ఒక రాత్రి. అంతే. ఆ రాత్రి ఇంట్లోకి ఒక పసుపుపచ్చ సీతాకోకచిలుక వస్తుంది. తన కొడుకే వచ్చాడని తల్లి దాని వెంట గదంతా తిరుగుతుంది. కిరిన్ కికి అనే మహానటి వేసిన పాత్ర అది. చుట్టూ ఉన్నవాళ్లు ఇబ్బందిగా చూస్తారు, కాని ఎవరూ ఆమెను వారించలేరు. జపాన్ ఇంట్లో సీతాకోకచిలుక, సిరిసిల్ల పొలంలో కాకి. పోయినవాళ్లు ఏదో రెక్కల మీద తిరిగొస్తారన్న ఆశ రెండుచోట్లా ఒకటే. కాని వాడుకున్న తీరులో చాలా తేడా ఉంది. కొరెయెదా సినిమాలో ఆ నమ్మకం ఒక్క తల్లిది. మిగతావాళ్లు ఆమె గుండెకోతకు సాక్షులు మాత్రమే. ‘బలగం’లో ఆ నమ్మకం ఊరంతటిది, కాబట్టి దాని ఒత్తిడి కూడా ఊరంతటిది. వ్యక్తి దుఃఖాన్ని చూపడంలో జపాన్ సినిమా ఎంత లోతుకు పోయిందో, దుఃఖం నలుగురి సొత్తుగా మారే తీరును చూపడంలో మన సినిమా అంత లోతుకు పోయింది. కొరెయెదా ఆ సినిమాను తన తల్లి పోయాక తీశారు. వేణు కూడా తన తండ్రి చావు దగ్గర చూసినవాటి నుంచే ఈ కథ మొలకెత్తిందని చెప్పుకున్నారు. సొంత ఇంట్లో చావు చూసినవాళ్ల పనిలో ఒక నిదానం ఉంటుంది. ఏడుపు మధ్యలో పొయ్యి మీద చాయ్ మరుగుతూనే ఉంటుందని వాళ్లకు తెలుసు.

తైవాన్ దర్శకుడు ఎడ్వర్డ్ యాంగ్ 2000లో తీసిన ‘యీ యీ’ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చిన సినిమా అది. పెళ్లితో మొదలై చావుతో ముగుస్తుంది. స్పృహ కోల్పోయి మంచాన పడ్డ అమ్మమ్మతో ఇంట్లోవాళ్లు వంతులవారీగా మాట్లాడాలి. జవాబివ్వలేని మనిషి ముందు కూర్చున్నప్పుడు ఒక్కొక్కరికీ తమ దగ్గర చెప్పడానికి ఏమీ లేదని తెలిసొస్తుంది. ‘బలగం’లో ఇస్తరాకు ముందు నిలబడ్డ కొడుకుల పరిస్థితీ అదే. కొమురయ్యకు ఏమిష్టమో ఊరికి తెలుసు, మనవడికి కొంత తెలుసు. కన్నకొడుకులు ఆలోచించుకొని చెప్పాల్సి వస్తుంది.

అందుకే సినిమా తొలి భాగాన్ని ఇంకోసారి జాగ్రత్తగా చూడాలి. ఊరు నిద్రలేచే పాట మీద కొమురయ్య వీధుల వెంట నడుస్తాడు. కాసర్ల శ్యామ్ రాసిన ‘ఊరు పల్లెటూరు’ పాట అది. 2023 సంవత్సరానికి ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారం ఆయనకు దానివల్లే వచ్చింది. భీమ్స్ సిసిరోలియో బాణీ, మంగ్లీ, రామ్ మిరియాల గొంతులు. వినడానికి అది పల్లె అందాల పాటలాగే ఉంటుంది. కాని కథకు అది చేసే పని వేరు. ఆ ముసలాయన ఎక్కడ ఆగుతాడో, ఎవరిని ఏమని ఆటపట్టిస్తాడో, ఏది చూస్తే ముఖం వెలుగుతుందో మనకు తెలియకుండానే మన మనసులో నమోదైపోతుంది. ఆయన పోయాక పిట్ట ముట్టనప్పుడు, ఆయనకు ఏం కావాలో ఇంటివాళ్లకంటే ముందు ప్రేక్షకుడికి తోచడం మొదలవుతుంది. చెప్పాల్సింది మనకు తెలుసు, తెర మీద వాళ్లకు తెలియదు. ఆ ఎడం మీదనే సినిమా రెండో భాగమంతా నడుస్తుంది.

కొమురయ్యగా వేసిన కేతిరి సుధాకర్ రెడ్డి నాటకరంగం నుంచి వచ్చిన మనిషి. ఆయన తెర మీద బతికున్నది కాసేపే. ఆ కాసేపట్లో సినిమా మిగతా నిడివికి సరిపడా ప్రేమను కూడబెట్టి పోవాలి. ఆయన దాని కోసం ఏ ప్రత్యేక ప్రయత్నమూ చేసినట్టు కనపడదు. జాలి పుట్టించే చూపులు లేవు, పెద్దరికపు ఉపన్యాసాలు లేవు. కొంటెతనమే ఉంది. ముసలివాళ్లను పూజించాల్సిన విగ్రహాలుగా చూపే అలవాటున్న మన సినిమాలో ఇది చాలా అరుదు. పోయాక గుర్తొచ్చేది కూడా ఆ కొంటెతనమే, కాబట్టి దుఃఖం పచ్చిగా తగులుతుంది.

ఇప్పుడు తగువు దగ్గరికి వద్దాం. బావ నారాయణకు, బామ్మర్ది ఐలయ్యకు, అంటే కొమురయ్య అల్లుడికీ పెద్దకొడుకుకీ, మాటలు లేవు. కారణం ఒక నల్లి బొక్క, అంటే మూలుగ ఉన్న ఎముక. దావతులో అల్లుడికి పడాల్సిన ముక్క పడలేదు, మాట మాట పెరిగింది, ఏళ్లు గడిచాయి. పట్నంలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది నవ్వులాటగా అనిపించవచ్చు. మా వైపు దావతులో కూర్చున్నవాళ్లకు అనిపించదు. అల్లుడి విస్తరిలో ఏ ముక్క పడింది, ఎవరు వడ్డించారు, రెండోసారి అడిగారా లేదా అన్నది ఆ ఇంట్లో అల్లుడికున్న మర్యాదకు కొలత. నారాయణ అడిగింది ఎముక కాదు, ఆ ఇంట్లో తన స్థానం. ఆ సంగతి ఆయన నోటితో చెప్పలేడు, చెబితే చిన్నబోతాడు. కాబట్టి బొక్క గురించే మాట్లాడతాడు.

ఇక్కడ వేణు చూపించిన నిగ్రహాన్ని నేను చాలా గౌరవిస్తాను. ఇంత చిన్న కారణం చాలదేమో అన్న భయంతో చాలామంది రచయితలు చివర్లో దాని వెనక ఇంకో పెద్ద రహస్యాన్ని తెచ్చి పెడతారు. పాత ద్రోహమో, దాచిన ఆస్తో, చెప్పకుండా చేసిన త్యాగమో బయటపడుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. కారణం చిన్నదే, అది చివరిదాకా చిన్నదిగానే ఉంటుంది. లక్ష్మణచాందలోనైనా ఇంకెక్కడైనా తెర ముందు కూర్చున్న అన్నదమ్ములకు తమ కారణం గుర్తొచ్చిందంటే ఆ చిన్నతనం వల్లే. గట్టు జరిగిందనో, పెళ్లికి పిలిచే తీరు బాగోలేదనో, ఆసుపత్రిలో ఉంటే చూడటానికి రాలేదనో, ఎవరి నల్లి బొక్క వాళ్లకు ఉంటుంది. సినిమాలో పెద్ద ద్రోహం చూపిస్తే ప్రేక్షకుడు ‘మాది అంత కాదులే’ అనుకొని ఇంటికి పోయేవాడు.

నారాయణగా మురళీధర్ గౌడ్ చేసిన పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బిగుసుకుపోయిన అల్లుడి పాత్ర అది. కొంచెం తూగు తప్పితే నవ్వులపాలయ్యేది, ఇంకొంచెం తూగు తప్పితే అసహ్యం పుట్టేది. ఆయన భుజాలను చూడండి. అత్తగారింట్లో కూర్చున్నంతసేపూ అవి దిగవు. చుట్టంలా కూర్చుంటాడు, ఇంటివాడిలా కూర్చోడు. ఐలయ్యగా జయరాం, తమ్ముడు మొగిలయ్యగా మూకాభినయం నుంచి వచ్చిన మైమ్ మధు, ఆడబిడ్డ లక్ష్మిగా రూపాలక్ష్మి, వీళ్లెవరూ అంతకుముందు మన పోస్టర్ల మీద పెద్ద అక్షరాల్లో కనపడ్డవాళ్లు కారు. రూపాలక్ష్మికి ఫిల్మ్‌ఫేర్ సహాయనటి బహుమతి వచ్చింది, సినిమాకూ దర్శకుడికీ కూడా ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. లక్ష్మి పాత్ర కష్టం ఏమిటంటే ఆమె రెండు పక్షాల మధ్య నిలబడాలి, ఏ పక్షానికీ మాట సాయం చేయకూడదు. చేస్తే భర్త మర్యాదో, తోబుట్టువుల మర్యాదో పోతుంది. కాబట్టి ఆమెకు మిగిలింది ఏడుపు ఒక్కటే. మా ఊళ్లలో ఆడవాళ్లు చావు దగ్గర రాగం తీసి ఏడ్చేటప్పుడు, పోయినవాళ్లతో చెబుతున్నట్టుగా బతికున్నవాళ్లకు చెప్పాల్సినవన్నీ చెప్పేస్తారు. విననట్టు నటిస్తూనే అందరూ వింటారు. రూపాలక్ష్మి ఏడుపులో ఆ సంగతి తెలిసిన మనిషి ఉంది.

సాయిలుగా ప్రియదర్శి ఒక్కడే అప్పటికి పేరున్న నటుడు. 2019లో ‘మల్లేశం’లో ఆసుయంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశంగా వేసి మెప్పించినవాడు. ఇక్కడ ఆయన చేయాల్సింది తాత శవం పక్కన నిలబడి కట్నం డబ్బు గురించి దిగులుపడటం. అది చూసి మనం నవ్వాలి, అతన్ని అసహ్యించుకోకూడదు. తొలి అర్ధభాగంలో నవ్వూ చావూ ఒకే వాకిట్లో తిరుగుతుంటాయి. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి ఎప్పుడు వెళ్లామో తెలియదు. మా నిర్మల్ బొమ్మల పని చూసినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. పొనికి కర్రతో చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతికి, ఆరాక నునుపు చేసి రంగు వేస్తారు. పూర్తయిన బొమ్మలో అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. ఈ సినిమాలో హాస్యానికీ శోకానికీ మధ్య వేసిన అతుకు అలాంటిది. ఎక్కడా ‘ఇప్పుడు నవ్వండి, ఇప్పుడు ఏడవండి’ అన్న సంగీతపు సైగ ఉండదు. ఉన్నది ఒకే వాకిలి, అందులోనే రెండూ జరుగుతున్నాయి.

భాష సంగతి కూడా ఈ అతుకుతో కలిసినదే. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో తెలంగాణ యాస కమెడియన్‌కో రౌడీకో దక్కేది. కథానాయకుడు, అమ్మ, ప్రేమ, నీతి అన్నీ వేరే తెలుగులో ఉండేవి. ‘బలగం’లో నవ్వించేవాడూ, ఏడ్చేవాడూ, తప్పు చేసేవాడూ, క్షమించేవాడూ ఒకే మాట మాట్లాడతారు. కరీంనగర్ మాట. అందరికీ ఒకటే భాష కావడంతో అది వేషంగా మిగల్లేదు. దానికోసం ఎవరూ గొంతు పెంచలేదు, పదాలను విరిచి విరిచి పలకలేదు. యాసను ప్రదర్శించడం వేరు, అందులో మాట్లాడుకోవడం వేరు. ఆ తేడా తెలిసిన సినిమా ఇది.

కన్నడంలో రామ్ రెడ్డి తీసిన ‘తిథి’ని ఎరిగినవాళ్లకు పోలిక తప్పక తట్టి ఉంటుంది. మండ్య జిల్లా పల్లెలో నూటొక్క ఏళ్ల సెంచురీ గౌడ చనిపోతాడు. పదకొండో రోజు తిథి జరిగేలోపు కొడుకు, మనవడు, మునిమనవడు ఎవరి దారిలో వాళ్లు పడే పాట్లు కథ. ఆ ఊరివాళ్లే నటులు. 2015లో లొకార్నో చిత్రోత్సవంలో బంగారు చిరుత గెలిచింది. రెండు సినిమాలకూ పదకొండు రోజుల చట్రం ఒకటే, మనవడి స్వార్థమూ ఒకటే. అయినా రెండూ రెండు దిక్కులకు నడిచాయి. ‘తిథి’ దూరంగా నిలబడి చూస్తుంది. ఎవరినీ కలపదు, ఎవరికీ తీర్పు చెప్పదు. చిత్రోత్సవాల ప్రేక్షకుడికి ఆ దూరం నచ్చుతుంది, నాకూ నచ్చింది. ‘బలగం’ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. అలా పట్టుకునే సినిమాలను కళాఖండాల లెక్కలోంచి తీసేసే అలవాటు మన విమర్శకుల్లో ఉంది. ఆ అలవాటు మానుకోవాలని నా అభిప్రాయం. దూరం ఒక పనితనమైతే దగ్గరితనం కూడా పనితనమే. పైగా అదుపు తప్పకుండా దగ్గరికి రావడం కష్టమైన పని.

తెలుగులో ఈ దారిన నడిచినవాళ్లు ముందునుంచీ ఉన్నారు. కె.ఎన్.టి. శాస్త్రి ‘తిలాదానం’ కూడా చావు కర్మల చుట్టూ అల్లిన సినిమానే. రజనీష్ దోమలపల్లి ‘వనజ’ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకోసం చేసిన పనిగా మొదలై, కొత్త ముఖాలతో పూర్తయి, 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి పొందింది. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖలోని ఆ పేట మనుషులనే నటులుగా నిలబెట్టింది. ‘బలగం’కు వాటికి లేని ఒక వసతి ఉంది. నిర్మాత దిల్ రాజు సంస్థ వెనక ఉండటంతో థియేటర్లు దొరికాయి. అయినా ఆ వసతికి బదులుగా కథను వదులుకోలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సాయిలు, సంధ్యల మధ్య అల్లుకున్న దారం మిగతా నేతంత చిక్కగా లేదు. డబ్బు కోసం మేనమరదలిని పెళ్లాడాలనుకున్న కుర్రాడు మారడానికి ఇంకొంచెం చోటు కావలసింది. సంధ్యకు తనదైన కోపం, తనదైన ప్రశ్న ఇచ్చి ఉంటే బాగుండేది. తాత ఇంటికి ఇన్నేళ్లు రానివ్వని పెద్దల మీద ఆమెకు కోపం ఉండదా? కావ్యా కల్యాణ్‌రామ్ ఆ పాత్రలో హాయిగా ఉంది, కాని పాత్రే ఆమెను ఎక్కువసేపు నవ్వుతూ ఉంచింది. ముందు చెప్పిన బయటి సరుకు ఇదే. ప్రేమ పాట ఒకటి ఉండాలన్న పాత అలవాటు ఇక్కడ తొంగి చూసింది.

ఇక పదకొండో రోజు. మా ప్రాంతంలో పెద్దకర్మకు బుడగ జంగాలు వచ్చి పాడటం పాత ఆచారం. పోయినవాళ్ల పేరు, వాళ్ల తోబుట్టువులు, కొడుకులు, బిడ్డలు, వాళ్ల బతుకులో ముఖ్యమైన సంగతులు అడిగి తెలుసుకొని అప్పటికప్పుడు పాటలో పెడతారు. విన్నవాళ్లకు తమ ఇంటి కథే పురాణంలా వినపడుతుంది. అంటే ఒక కుటుంబం తనను తాను బయటినుంచి చూసుకునే ఏర్పాటు ఈ సంస్కృతిలో ఎప్పటినుంచో ఉంది. వేణు దాన్ని గుర్తుపట్టి, తన సినిమా పతాక సన్నివేశాన్ని మొత్తంగా వాళ్ల చేతుల్లో పెట్టారు. పాడింది వరంగల్ జిల్లా దుగ్గొండి దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ. వాళ్లు నటులు కారు, బతుకంతా ఈ పాట పాడుతూ తిరిగినవాళ్లు.

ఒక తొలి దర్శకుడికి ఇది ఎంత పెద్ద నిర్ణయమో ఆలోచించండి. పేరున్న నటుణ్ని ముందు పెట్టి నాలుగు పేజీల సంభాషణ రాయించవచ్చు. అన్నకు అర్థమైందనీ, బావకు తప్పు తెలిసిందనీ మాటల్లో చెప్పించవచ్చు. ఆయన అవన్నీ పక్కన పెట్టి, అంతకుముందు తెర మీద మనకు పరిచయం లేని ఇద్దరిని నిలబెట్టి, కుటుంబాన్ని కింద కూర్చోబెట్టారు. కథానాయకులు శ్రోతలైపోయారు. నాలుగున్నర దశాబ్దాల కింద గౌతమ్ ఘోష్ ‘మా భూమి’లో గద్దర్ గొంగడి వేసుకొని పాడినప్పుడు కూడా సినిమా కాసేపు పాటకు తలవంచింది. కాని అక్కడ పాట జనాన్ని లేపడానికి. ఇక్కడ కూర్చోబెట్టి కరిగించడానికి.

ఆ పాట కట్టుబడిని ఒక్కసారి చెవి పెట్టి వినండి. మొగిలయ్య గొంతు కథ నడుపుతుంది, కొమురమ్మ గొంతు దాన్ని అందుకొని పైకి తీసుకుపోతుంది. ఆమె గొంతులో శిక్షణ పొందిన గాయని నునుపు లేదు. చివర్లు కొంచెం గరుకుగా తెగుతాయి, శ్వాస వినపడుతుంది. స్టూడియోలో ఆ గరుకును తుడిచెయ్యడం చిటికెలో పని. తుడవకుండా వదిలిపెట్టిన భీమ్స్‌ను మెచ్చుకోవాలి. నిడివి కూడా అంతే. మామూలు సినిమా లెక్కలో ఆ పాట చాలా పొడవు. సగానికి కోసేయమనే సలహా ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారనిపిస్తుంది. కాని ఆ పొడవులోనే పని జరుగుతోంది. బిగుసుకుపోయిన మనిషి ఒక చరణంతో కరగడు. మొదటి చరణానికి తల పక్కకు తిప్పుకుంటాడు, రెండోదానికి నేల చూస్తాడు, తరవాత ఎప్పుడో ఎదుటివాణ్ని చూస్తాడు. పాటను కోసి ఉంటే ఆ మార్పు అబద్ధమయ్యేది. ఐలయ్య, నారాయణల మధ్య మాట కలిసినప్పుడు మనం నమ్ముతామంటే, దాని వెనక అన్ని నిమిషాలు వాళ్లతోపాటు మనమూ కూర్చున్నందుకే. పిట్ట వచ్చేది ఆ తరవాతే.

పస్తం మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఈ పాట ఇప్పటికీ మా వైపు చావిళ్లలో స్పీకర్ల మీద వినపడుతూనే ఉంది. బుడగ జంగాలను పిలిపించలేని ఇళ్లు కూడా పెద్దకర్మ రోజు దాన్ని పెట్టుకుంటున్నాయి. సినిమాను మళ్లీ చూసేవాళ్లకు నాదొక సూచన. మొదటిసారి మన కళ్లు సహజంగా పాడేవాళ్ల మీదే ఉంటాయి. ఈసారి ఛాయాగ్రాహకుడు ఆచార్య వేణు కెమెరా వినేవాళ్ల ముఖాల మీద ఏ వరుసలో నిలిచిందో గమనించండి. ఎవరు ముందు తల దించారు, ఎవరు ఆఖరిదాకా ఆపుకున్నారు అన్నది చూస్తే, పదకొండు రోజుల్లో ఆ ఇంట్లో ఎవరి పట్టుదల ఎంతో ఈ సినిమా ఎంత ఖచ్చితంగా లెక్కగట్టిందో తెలుస్తుంది.